కుక్కలకు విడిచిన కడలితీరం

అమెరికా వెళ్ళి వచ్చినవారు నయాగరా జలపాతం గురించీ, న్యూయార్కు మేడల గురించీ వ్రాయడం ఆచారం. మేము మాత్రం కుక్కల కోసం విడిచిపెట్టిన సముద్రతీరాల గురించి వ్రాయబోతున్నాము. చదువరులు నవ్వుకొన్నా సరే, కడదాకా చదవవలసిందని మనవి. మొదట మేమూ నవ్వినవారమే.

మాది మూడు తరాల క్రిందట నెల్లూరు సీమనుంచి వచ్చి చెన్నపట్నంలో స్థిరపడిన కుటుంబం. మా అమ్మాయి, అల్లుడు కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్ డియాగో అనే రేవుపట్నంలో కాపురం ఉంటున్నారు. 2023లో దసరా వెళ్ళాక బయలుదేరి, సంక్రాంతిదాకా వారి దగ్గర ఉండి వద్దామని మేమిద్దరం వెళ్ళాము. మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఆ పిల్లకు తోబుట్టువులు లేరు. ఉన్న తోడల్లా మోతీ అనే కుక్క ఒక్కటే. గోధుమరంగుది, ఏ జాతి అని చెప్పడానికి వీలులేనిది, దిక్కులేని కుక్కలను ఉంచే శాలనుంచి తెచ్చుకొన్నది.

చిక్కు అక్కడే వచ్చింది. మా ఇంటావిడ పుట్టినిల్లు వేలూరు. 1966లో, ఆవిడకూ సరిగ్గా తొమ్మిదేళ్ళప్పుడే, పక్కవీధి ఆసామి పెంపుడుకుక్క పిక్క పట్టుకొన్నది. ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజెక్షన్లు పొడిచేవారని మన పెద్దలందరికీ తెలుసు. గొర్రె మెదడునుంచి తీసిన మందు అది. మన కూనూరులో 1907లో వెలసిన పాశ్చర్ సంస్థలో కూడా తయారయ్యేది. ఆ పాతమందు మన దేశంలో 2005 నాటికి మానివేశారు. ఇప్పుడు నాలుగైదు సూదులతో, అదీ భుజానికే, సరిపోతుంది. కాని మా ఇంటావిడకు సూదుల నొప్పికంటె బాగా జ్ఞాపకం ఉన్నది ఆ ఆసామి మాట. గొలుసు విప్పిన కుక్క వీధిలో నిలబడి ఉంటే, ఆయన అరుగుమీద కూర్చునే, "ఏమీ చేయదమ్మా, పో" అన్నాడట. ఆ మాట నమ్మి అడుగు వేసింది. అంతే.

మేము వస్తున్నామని మా అమ్మాయి మోతీని పెరటిగదిలో పెట్టింది. అది రాత్రంతా తలుపు గీకుతూ మూలిగేది. నాలుగోనాడు మా అమ్మాయి, అల్లుడు గుసగుసలుగా ఆలోచన చేశారు: మూడు నెలలపాటు దానిని స్నేహితుల ఇంట విడిచి వద్దామని. ఆ మాట పిల్ల చెవిన పడింది. ఏడవలేదు, అలగలేదు. అమ్మమ్మను పలకరించడం మాత్రం మానేసింది. పదమూడువేల కిలోమీటర్లకు పైన ఎగిరివచ్చిన అమ్మమ్మకు అంతకంటె శిక్ష ఏమున్నది?

మరునాడు పొద్దున్న మా ఇంటావిడే ఎత్తుకొన్నది. "మన భారతం మొదలయ్యేదే కుక్క మొరతో. సరమ కొడుకు చేయని తప్పుకు దెబ్బలు తిన్నాడు. సరమ నేరుగా జనమేజయుడి సభకే వెళ్ళి అడిగింది. ఈ మోతీ నన్నేమీ చేయలేదు. దీన్ని నాకోసం ఇల్లు వెళ్ళగొట్టకండి. కాని నా కాళ్ళు వణుకుతాయి, దానికి నేనేం చేయను?" అన్నది.

అప్పుడు అల్లుడుగారు, "అత్తయ్యగారూ, ఒక్కసారి కుక్కల బీచికి వెళ్ళివద్దాము. మీరు ఎత్తుమీద దూరంగా కూర్చోండి. దగ్గరకు రావద్దు. ఊరికే చూడండి" అన్నారు. భయపడే మనిషిని వందకుక్కల మధ్యకు తీసుకువెళ్ళడం కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదడంలాగే మాకు తోచింది. అయినా, ఇంట్లో ఆ మౌనంకంటె అదే మేలని బయలుదేరాము.

శాన్ డియాగో నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఓషన్ బీచ్ అనే పేటలో, వోల్టేర్ వీధి చివర ఉన్నది ఆ తీరం. 1972లో ఏర్పడింది. కుక్కలను గొలుసు లేకుండా విడవడానికి అమెరికాలో అధికారికంగా ఒప్పుకొన్న తొలి సముద్రతీరాలలో ఇది ఒకటి. రాత్రింబవళ్ళు, ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది. నదికి ఒకవైపు రాతికరకట్ట. దానిమీద నడిచే బాట. కట్ట దిగితే విశాలమైన ఇసుక. పాటు సమయంలో తడి ఇసుక బారలు బారలుగా బయటపడుతుంది. ఆ ఇసుకమీద నల్లవి, తెల్లవి, మచ్చలవి, లేగదూడంతవి, కుందేలంతవి, ఎన్ని కుక్కలు! కొన్ని అలలకు ఎదురీది బంతులు తెస్తున్నవి. కొన్ని ఒకదాని వెనుక ఒకటి సుళ్ళు తిరుగుతున్నవి. ఒక ముసలికుక్క మూడుకాళ్ళమీద నీటి అంచుదాకా నడిచి, కాళ్ళు తడుపుకొని, అక్కడే పడుకొన్నది. దాని యజమానురాలు పక్కన కూర్చుని దాని వీపుమీద చెయ్యి వేసుకొన్నది.

మేము కరకట్టమీద చదునైన బండ చూసుకొని కూర్చున్నాము. కొంగు బిగించి, కాళ్ళు పైకి ముడుచుకొని మా ఇంటావిడ కూర్చున్న తీరు చూస్తే, వరద వచ్చినప్పుడు మిద్దె ఎక్కినవారు గుర్తుకు వచ్చారు.

అల్లుడుగారు అక్కడి పద్ధతులు చెప్పారు. కుక్క విడిచి ఉన్నా యజమాని దానిని కనిపెట్టుకొని ఉండాలి, పిలిస్తే రావాలి. కలహించే కుక్కను తేకూడదు. అది చేసిన మలినాన్ని యజమాని అప్పుడే సంచిలోకి ఎత్తాలి. మన వీధుల్లో కొందరు కుక్కను ఎదుటివారి గుమ్మం ముందు నిలబెట్టి తాము ఆకాశం చూస్తూ నిలబడతారే, ఆ విద్య ఇక్కడ చెల్లదు. బూట్లు కోట్లు వేసుకొన్న పెద్దమనుషులు వంగి వంగి ఎత్తుతూనే ఉన్నారు. మా ఇంటావిడ ఆ వేళ మొదటిసారి నవ్వింది అది చూసే.

ఇంకొక సంగతి కూడా ఆవిడకు కొంత ధైర్యం ఇచ్చింది. అక్కడ ప్రతి కుక్కకూ రేబిస్ టీకా వేయించి లైసెన్సు తీసుకొనడం చట్టం. మెడపట్టీకి చిన్న బిళ్ళ వేలాడుతుంది. కుక్కలనుంచి కుక్కలకు వ్యాపించే రేబిస్ జాతి తమ దేశంలో లేకుండాపోయిందని అక్కడి ఆరోగ్యశాఖ 2007లో ప్రకటించింది. గబ్బిలాలు మొదలయిన అడవి ప్రాణులలో ఆ జబ్బు ఇంకా ఉన్నది గనుక టీకా మాత్రం మానలేదు. మన దేశంలో నేటికీ ఏటా వేలమంది ఈ జబ్బుతో పోతున్నారు. కాబట్టి ఆవిడ భయం వట్టి పిరికితనమని ఎవరూ అనరాదు.

ఇంతలో రెండు సంగతులు జరిగాయి. ఒక నల్లని పెద్దకుక్క బంతి వెంట పరుగెత్తి, దారి తప్పి, నేరుగా మేము కూర్చున్న కట్టవైపు రాసాగింది. మా ఇంటావిడ మా చెయ్యి పట్టుకొన్న పట్టు ఇంకా జ్ఞాపకం ఉన్నది. నీటి ఒడ్డునుంచి ఒకాయన ఒకే ఒక్క మాట పిలిచాడు. పరుగు మధ్యలో ఆ కుక్క తాడుతో లాగినట్లు వెనక్కు తిరిగిపోయింది. ఆయన దానికి గొలుసు తగిలించి, దూరంనుంచే చెయ్యి ఎత్తి, క్షమించమన్నాడు.

కొంతసేపటికి మరొకాయన కుక్క, ఆయన ఫోనులో మాట్లాడుకొంటూ ఉండగా, నడుస్తున్న ఒక వృద్ధుణ్ణి తోసి పడవేసింది. అదృష్టవశాత్తు ఇసుక గనుక దెబ్బ తగలలేదు. ఫోను చెవినుంచి తీయకుండానే ఆయన ఏదో అన్నాడు. ఏమన్నాడని మా ఇంటావిడ మనవరాలిని అడిగింది. ఆ పిల్ల చాలా రోజులకు అమ్మమ్మతో నోరు విప్పి, తన వచ్చీరాని తెలుగులో, "మా కుక్క మంచిది, ఏమీ చేయదు అంటున్నాడు" అన్నది.

మా ఇంటావిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత పిల్లను దగ్గర కూర్చోబెట్టుకొని వేలూరు కథంతా చెప్పింది. అంతవరకు ఆ కథ ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. అమ్మమ్మకు తన మోతీ అంటే అసహ్యమనే అనుకొన్నదట పాపం. విని, "అయితే నేను ఆ మాట ఎప్పుడూ అనను" అన్నది.

ఇంటికి పోయేముందు మోతీకి ఒంటినిండా ఇసుక. తీరానికి దగ్గరలోనే కుక్కలను ఎవరికివారు కడుక్కొనే అంగడి ఉన్నది. డబ్బు కడితే ఎత్తయిన తొట్టి, గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, తువ్వాలు, వేడిగాలి యంత్రం ఇస్తారు. నాలుగు రోజుల్లో దీపావళి. "మనకంటె ముందు దీనికే తలంటు అయిపోయింది" అన్నది మా ఇంటావిడ, వాకిట నిలబడే.

అప్పటినుంచి వారం వారం ఏదో ఒక తీరానికి ప్రయాణం కట్టాము. మిషన్ బే అనే చోట ఫియెస్టా ద్వీపం ఉన్నది. ఒకప్పటి బురదనేలను తవ్వి, 1940 తరువాతి ఏళ్ళలో కట్టిన ఉప్పునీటి కయ్య అది. తవ్విన ఇసుకతో వెలసిన దీవి ఇది. అలలు లేవు గనుక ముసలి కుక్కలకూ, నీటికి బెదిరే కుక్కలకూ మంచిది. ఉదయం ఆరునుంచి రాత్రి పదిదాకా విడవవచ్చు. కాని ఆ దీవిలోనే కొంతమేర కంచె వేసి ఉన్నది. అది లీస్ట్ టర్న్ అనే చిన్న సముద్రపు పిట్ట గుడ్లు పెట్టే చోటు. అరచేతిలో ఇమిడేంత పిట్ట. 1970లోనే ప్రమాదంలో ఉన్న జాతిగా దానిని చట్టంలో చేర్చారు. ఏప్రిల్‌నుంచి సెప్టెంబరుదాకా వట్టి ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. మేము వెళ్ళేసరికి పిట్టలు దక్షిణాదికి ఎగిరిపోయాయి. కంచె మాత్రం ఉన్నది.

కొరొనాడో తీరానికి 1969లో తెరిచిన ఎత్తయిన వంతెనమీదుగా వెళ్ళాము. క్రింద యుద్ధనౌకలు సైతం సాగిపోయేటంత ఎత్తున కట్టారు. 1888లో కలపతో కట్టిన ఎర్రకప్పుల మహా హోటలు అక్కడ నేటికీ నడుస్తున్నది. దానిని దాటి ఉత్తరపు కొసకు పోతే, నౌకాదళపు విమానస్థావరం కంచె పక్కన కుక్కల తీరం. ఇసుకలో అభ్రకం కలిసి ఉండడంచేత కెరటం వెనక్కు తీసినప్పుడల్లా బంగారుపొడి చల్లినట్లు మెరుస్తుంది. గూడూరు అభ్రకపు గనుల సంగతి ఎరిగిన నెల్లూరు వంశంవాళ్ళం గనుక మేము చాలాసేపు ఆ ఇసుకను చేతిలో పోసుకొని చూశాము.

డెల్ మార్ అనే ఊళ్ళో పద్ధతి వేరు. అక్కడి ఉత్తర తీరంలో సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే కార్మికదినం మరునాటినుంచి జూన్ 15దాకా కుక్కలను విడవవచ్చు. వేసవిలో జనం, పిల్లలు ఎక్కువ గనుక గొలుసు తప్పనిసరి. శాన్ డియాగో నగరపు మామూలు తీరాలలోనయితే ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం వేసవిలో ఆరు, చలికాలంలో నాలుగు దాటాక మాత్రమే కుక్కను తేవాలి, అదీ గొలుసుతోనే. కుక్కకు ఒక చోటు, పిట్టకు ఒక చోటు, కుక్కంటే భయపడేవారికి ఒక చోటు, ఒక వేళ. ఇలా పంచి పెట్టుకొన్నారు కాబట్టే ఆ విడిచిన చోట కుక్క స్వేచ్ఛగా ఉన్నదని మాకు బోధపడింది.

పంచుకొనడంలో తగాదాలు లేవని కాదు. క్రిస్మసు సెలవుల్లో మోతీతో సహా కారులో శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళాము. మా తమ్ముడి కొడుకు అక్కడ ఉంటాడు. ఊరికి నైరుతిమూల సముద్రంమీదికి వాలిన ఎత్తయిన ఇసుకకొండ, ఫోర్ట్ ఫన్‌స్టన్. శత్రునౌకలకోసం ఫిరంగులు, ఆ తరువాత క్షిపణులు పెట్టిన సైనిక స్థలం. ఇప్పుడు 1972లో ఏర్పడిన గోల్డెన్ గేట్ జాతీయ విహారస్థలంలో భాగం. కొండ అంచునుంచి రెక్కలు కట్టుకొని మనుషులు గాలిలోకి దూకి తేలుతూ ఉంటారు. ఇటు దిబ్బలమీద కుక్కలు పరుగులు తీస్తూ ఉంటాయి. పిలుపుకు లోబడే కుక్కలను విడవవచ్చునని 1979లో అక్కడ ఒక పద్ధతి పెట్టారు. చాలా ఏళ్ళ వాదం తరువాత, విడిచే చోట్లను బాగా తగ్గిస్తామని 2016లో ప్రభుత్వశాఖ ప్రతిపాదించింది. కుక్కలవారు ఊరంతా ఏకమై ఎదిరించారు. 2017లో ఆ ప్రతిపాదన విరమించుకొన్నారు.

పిట్టల పక్షానివారి బాధ కూడా న్యాయమైనదే. దానికి ఉత్తరంగా సాగే పొడవాటి ఇసుకతీరంలో స్నోయీ ప్లవర్ అనే తెల్లరొమ్ము పిట్టలు చలికాలం గడుపుతాయి. 1993నుంచి వాటికి చట్టరక్షణ ఉన్నది. ఇసుక గుంటలో ఒదిగి బలం కూడబెట్టుకొనే ఆ పిట్టను కుక్క ఒక్కసారి తరిమితే ఎగిరిపోతుంది. పదిసార్లు తరిమితే కూడబెట్టిన బలమంతా హరించుకుపోతుంది. అందుచేత ఆ భాగంలో జూలైనుంచి మే నడిమిదాకా గొలుసు తప్పనిసరి చేశారు. కుక్క దానిని కరవనక్కరలేదు. "పిట్టకు 'ఏమీ చేయదు' అని ఎవరు చెబుతారు?" అన్నది మా ఇంటావిడ. మా తమ్ముడి కొడుకు కుక్కలవారి పక్షం. అయినా జవాబు చెప్పలేక ఊరుకొన్నాడు.

తిరిగి వచ్చాక, ప్రయాణం దగ్గరపడిందని, సంక్రాంతికి ముందు ఆఖరుసారి ఓషన్ బీచ్‌కు వెళ్ళాము. అప్పటికి మా ఇంటావిడ కట్ట దిగి ఇసుకమీద నడవగలుగుతున్నది. మోతీ ఇంట్లో విడిగా తిరుగుతున్నది. అయితే ఇద్దరి మధ్యా నాలుగు అడుగుల ఎడం ఎప్పుడూ ఉండేది. ఆవిడ దానిని ఒక్కసారీ తాకలేదు. ఆ సాయంత్రం మనవరాలు గొలుసు విప్పి, "అమ్మమ్మా, ఇది పట్టుకో" అని ఇచ్చి, బంతి పుచ్చుకొని పరుగెత్తింది. కుక్కలేని గొలుసు చేతికి చుట్టుకొని మా ఇంటావిడ నిలబడింది.

ఇంతలో ఎవరో కొత్తవారు, చిన్నపిల్లవాణ్ణి నడిపించుకొంటూ వచ్చారు. ఆ సంగతి ఎరగక వచ్చారేమో, అన్ని కుక్కలను చూసేసరికి పిల్లవాడు కేరుమని ఏడ్చి తల్లి కాళ్ళకు చుట్టుకొన్నాడు. ఆ కేకకు మోతీ చెవులు రిక్కించి అటువైపు కదిలింది. మనవరాలు "ఏమీ చేయదు" అనలేదు. "మోతీ!" అని పిలిచింది. అది తిరిగి వచ్చింది. రెండు చేతులతో మెడపట్టీ పట్టుకొని, "అమ్మమ్మా, గొలుసు! గొలుసు!" అని అరిచింది.

అల్లుడుగారు కారు దగ్గర ఉన్నారు. అమ్మాయి నీటి ఒడ్డున ఉన్నది. మేము లేచేలోపలే మా ఇంటావిడ గబగబ ఆ ఇసుక దాటి వెళ్ళి, వంగి, వణికే వేళ్ళతో మెడపట్టీ కొక్కెం వెదికి గొలుసు తగిలించింది. మొదటిసారి తగలలేదు, రెండవసారి తగిలింది. మోతీ తడిసిన ఒళ్ళు దులుపుకొన్నది. ఆవిడ చీరె కుచ్చెళ్ళు సగం తడిసినవి. ఏభైయేడేళ్ళ తరువాత ఆవిడ కుక్కను ముట్టుకొన్న వేళ అది. గొలుసు ఆవిడ వదలలేదు. కారుదాకా ఆవిడే నడిపించుకు వచ్చింది.

ఇక, పిల్లల దగ్గరకు వెళ్ళే మనవారికి ఒకటి రెండు మాటలు. నది మొగల దగ్గర కెరటాల లాగుడు ఎక్కువ. కుక్కను కాపాడబోయి మనుషులు నీళ్ళలోకి దిగరాదు. వాన కురిస్తే ఊరి మురుగంతా నదివెంట సముద్రానికి వస్తుంది గనుక, మూడు రోజులు నీటిలో దిగవద్దని అక్కడి ఆరోగ్యాధికారులు చెబుతారు. డిసెంబరులో వాన పడినప్పుడు మేమూ ఇంటిపట్టునే ఉన్నాము. సముద్రపు నీరు త్రాగితే కుక్కకు వాంతులు పట్టుకొంటాయి. మంచినీళ్ళు వెంట తీసుకుపోవాలి. చలికి శాలువా మరువరాదు.

చెన్నపట్నం తిరిగి వచ్చాక మాకు బెసంట్ నగర్ తీరం కొత్తగా కనబడుతున్నది. జనవరినుంచి ఏప్రిల్‌దాకా అక్కడ రాత్రిపూట సముద్రపు తాబేళ్ళు ఒడ్డెక్కి ఇసుకలో నూరేసి గుడ్లు పెడతాయి. 1988నుంచి విద్యార్థులు రాత్రులు తీరం వెంట నడిచి, కుక్కలు తవ్విపోయకముందే ఆ గుడ్లను ఏరి కంచెలోపల భద్రపరుస్తున్నారు. ఒరిస్సాలో ఋషికుల్య మొగ దగ్గర ఉండే మనవారికి ఈ తాబేళ్ళ సంగతి మాకంటె బాగా తెలుసు. మన కుక్కలకు యజమానులు లేరు, పిలిచేవారు లేరు, చోటూ లేదు. తప్పు వాటిదని ఎలా అంటాము?

మా వీధి పాలబూతు దగ్గర ఒక ఎర్రకుక్క పడుకొని ఉంటుంది. మా ఇంటావిడ ఇప్పటికీ దానికి నాలుగు అడుగుల ఎడంగానే నడుస్తుంది. అయితే మొన్న కార్పొరేషనువారు టీకా వేయడానికి వచ్చినప్పుడు, అది ఎక్కడ దాగి ఉన్నదో చూపించి, వారు సూది వేసేదాకా ఎండలో నిలబడి ఉన్నది మాత్రం ఆవిడే.